గీతకు ఇవతల

మొన్న నరసరావుపేట రైతు బజార్లో గుట్టలోంచి ఒక నిమ్మకాయ జారి కింద పడింది. పడిన నిమ్మకాయను ఎవరైనా వంగి తీస్తారు. నేను చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుని, కాలు చాపి, పాదం లోపలి వైపుతో దాన్ని ఆపి, వేళ్ళతో చిన్నగా ఎగరేసి చేత్తో అందుకున్నాను. చాలా బాగా వచ్చింది. ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూశాను కూడా.

చూసింది కాయలమ్మే ఆవిడ. "ఏందమ్మా! టీచరమ్మవి, తినేదాన్ని కాలితో తంతావా? కాస్తన్నా బుద్ధుండక్కర్లా?" అని బజారంతా వినపడేట్టు అడిగింది.

బుద్ధి లేదని ఒప్పుకుని, ఆ కాయతో పాటు ఇంకో గుప్పెడు కాయలు కొనుక్కుని, తలొంచుకుని ఇంటికొచ్చాను. దారంతా ఒకటే నవ్వు. ఆటో అతను అద్దంలోంచి నన్ను అనుమానంగా చూశాడు.

ఈ జబ్బు నాకు అంటించిన మనిషి ఇప్పుడు ఇండియా ఆడవాళ్ళ ఫుట్‌బాల్ టీముకు కోచ్. పేరు రాయను. రాస్తే ఫోన్ చేసి తిడుతుంది. రాయకపోయినా తిడుతుంది, కాకపోతే కాస్త తక్కువ తిడుతుంది. ఇట్లాంటివి పోయినవాళ్ళ మీద కదా రాస్తారు అని కంగారు పడేవాళ్ళకు ముందే చెబుతున్నాను, ఆమె నిక్షేపంగా ఉంది, నాకన్నా రెండు ముద్దలు ఎక్కువే తింటోంది. నిమ్మకాయ గుర్తు చేసింది, రాయబుద్ధేసింది, అంతే.

మాది రెంటచింతల. ఎండాకాలం వార్తల్లో తప్ప మా ఊరి పేరు లోకానికి గుర్తుండదు. మేమిద్దరం ఒకే క్లాసు, ఒకే బెంచీ. చర్చి వెనక బడి గ్రౌండులో ఆడపిల్లలకు ఫుట్‌బాల్ టీము పెట్టినప్పుడు మొదట చెయ్యెత్తింది ఆమె. నా చెయ్యి కూడా ఆమే ఎత్తింది. నాకు పరిగెత్తటమంటే చచ్చే బద్ధకం.

"గోలు కాసే గోలీకైతే పరిగెత్తే పని లేదే. ఒకచోట నిలబడి అందరి మీదా అరవటమే. నీకు బాగా వచ్చిన పనేగా" అంది.

నిజంగానే బాగా వచ్చు. పెద్దయ్యాక దాన్నే ఉద్యోగం చేసుకున్నాను.

మనిషి పొట్టి, గట్టి. నడిస్తే నేల కాస్త పక్కకు జరిగి దారిచ్చినట్టుండేది. ఆమె కాళ్ళు ఖాళీగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. బెంచీ కింద పడ్డ పెన్ను కాలివేళ్ళతోనే తీసిచ్చేది. చింతకాయ, గులకరాయి, బస్సులో దొర్లే నీళ్ళ సీసా, ఏది కాలికి తగిలినా అది ఆ కాలి నుంచి ఈ కాలికీ, ఈ కాలి నుంచి ఎవరో ఒకరి కాలికీ పోవాల్సిందే. ఒకసారి వాళ్ళ బంధువుల పెళ్ళిలో పంతులుగారి దగ్గరున్న కొబ్బరికాయ ఒకటి దొర్లుకుంటూ వచ్చింది. ఈమె ఆలోచించకుండా దాన్ని పెళ్ళికొడుకు వైపు తోసేసింది. పెద్దవాళ్ళు ఘొల్లుమన్నారు. పెళ్ళికొడుకు మాత్రం పీటల మీద నుంచి కాలు చాపి మెల్లిగా తిరిగి పంపించాడు. "ఈ సంబంధం నిలబడుద్దే. తిరిగి పాసిచ్చే మగాడు యాడ దొరుకుతాడు?" అని నా చెవిలో చెప్పింది. నిలబడింది. వాళ్ళకిప్పుడు ఇద్దరు పిల్లలు.

మనుషులందరినీ ఆటలో ఎక్కడ నిలబెట్టాలా అని చూసేది. మాచర్ల బస్సు కండక్టరు మిడ్‌ఫీల్డు, ఎందుకంటే ఎక్కడ జాగా ఉందో ఆయనొక్కడికే తెలుసు. మా అత్తగారు సెంటర్ ఫార్వర్డు, ఎదురొచ్చినవాళ్ళు తప్పుకోవాల్సిందే. మా ఆయన్ని మొదటిసారి చూసి, "డిఫెండరే. కదలడు. ఒక్కడూ దాటలేడు" అని మెచ్చుకుంది. ఆయన అది పొగడ్తో తిట్టో తెలియక ఇప్పటికీ అడుగుతుంటాడు. తన పెళ్ళి మాట ఎత్తిన అత్తలకు మాత్రం, "అబ్బాయిలు బెంచీ మీద కూచోనున్నార్లే అత్తా, అవసరమైతే దింపుతా" అని చెప్పేది.

గోలుకు కొట్టిన బంతి పోస్టుకు తగిలి బయటికి పోతే అందరూ తల పట్టుకుంటారు. ఆమె వెళ్ళి పోస్టును నిమిరి, "నీ తప్పేం లేదులే" అని వచ్చేది. పోస్టు మీదున్న జాలిలో పిసరంత నా మీద ఉండేది కాదు. గోలు వదిలేస్తే ఆ వారమంతా నా టిఫిన్ డబ్బాలో పచ్చడి ఆమెదే.

"ఎండని తిట్టమాకండే. ఎండ మన సైడే ఆడుద్ది" అనేది. బయటూరి టీములు ఆడటానికొస్తే మ్యాచి మిట్టమధ్యాహ్నం పెట్టించేది. గుంటూరు నుంచి వచ్చిన పిల్లలు సగం ఆటకే గోడ నీడకు చేరిపోయేవాళ్ళు. ఈమె వాళ్ళ దగ్గరికి మజ్జిగ చెంబు తీసుకుపోయి, ఎంతో ప్రేమగా తాగించి, మళ్ళీ లోపలికి పిలిచి ఇంకో గోలు కొట్టేది.

అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే ఆమెను పెంచింది బాబాయీ పిన్నీ. బాబాయి గిత్తల మనిషి. బండలాగుడు పోటీలకు ఒంగోలు గిత్తల్ని తయారుచేస్తాడు. పల్నాడులో ఆ పోటీలున్నాయంటే అన్నం నీళ్ళు అక్కర్లేని జనం ఉన్నారు. జత గిత్తలు పెద్ద రాతిబండను లాక్కుంటూ పోతుంటే తోలేవాళ్ళు పక్కన అరుస్తూ పరిగెత్తాలి, ఎంత దూరం లాగాయో టేపు పెట్టి కొలుస్తారు. ఆ గిత్తల కోసం పిన్ని పెద్ద గంగాళంలో ఉలవలు ఉడకబెట్టేది. మొదటి గుప్పెడు ఈమెకు, రెండో గుప్పెడు నాకు, తర్వాత గిత్తలకు. "గిత్తలకీ మీకూ తేడా ఏందే, అవి చెప్పిన మాటింటాయి, అంతేగా" అనేది పిన్ని.

ఆటలో ఆమె మాట కూడా ఆ కొట్టంలోంచి వచ్చిందే. కాడికి ఎడమవైపు కట్టేది దాపట ఎద్దు, కుడివైపుది ఎలపట ఎద్దు. లెఫ్టు, రైటు అని డ్రిల్లు మాస్టారు నేర్పినా ఈమె నోటికి దాపట, ఎలపటే వచ్చేవి. "దాపటకి కొట్టవే, దాపటకి!" అని గ్రౌండు అదిరేట్టు అరిస్తే అవతలి టీము పిల్లలు బిత్తరపోయి చూసేవాళ్ళు.

రాష్ట్రానికి ఆడింది, దేశానికి ఆడింది. ఆ సంగతులు పేపర్లలో వచ్చాయి, నేను చెప్పేదేం లేదు. పేపర్లలో రానిది ఒకటుంది. మోకాలు చెడిపోయి ఆట ఆగిపోయిన ఏడాది ఆమె నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఎవరడిగినా ఒక్కొక్కరికి ఒక్కో కథ చెప్పింది. మెట్ల మీద జారానని ఒకరికి, గేదె కుమ్మిందని ఒకరికి. ఆ కాలు నేరుగా ఎంత దూరమైనా నడుస్తుంది, బరువూ మోస్తుంది, పక్కకు గిరుక్కున తిరిగితే మాత్రం మడత పడిపోతుంది. ఫుట్‌బాలంతా పక్కకు తిరగటమే కదా. నాకు చాలా బాధగా ఉండేది. ఫోన్ చేస్తే ఎత్తేది కాదు.

ఒకరోజు తనే చేసింది. గొంతులో పాత హుషారు. ఇండియా జూనియర్ ఆడపిల్లల టీముకు కోచ్‌గా పెట్టుకున్నారట. కొన్నాళ్ళు చూస్తారట, బాగుంటే ఉంచుతారట. నేను వంటింట్లో గంతేశాను. పాలు పొంగిపోయాయి, పోనిమ్మన్నాను.

తర్వాత ఫోన్ వచ్చేసరికి ఆ గొంతు తగ్గింది.

"ఏమే, ఒకటి జరిగింది. నవ్వమాక."

"చెప్పవే."

"మొన్న మ్యాచిలో అవతలి పిల్ల బంతి తీసుకుని ఒక్కతే పోతంది. ఎదర మన గోలీ తప్ప పురుగు లేదు. నా ముందు నుంచే పోతందే! ఎట్టా ఊరుకునేది?"

"అరిచావా?"

"పోయి తీసేశా."

నాకు అర్థం కావటానికి కాస్త సమయం పట్టింది. కోచ్ గీత బయట నిలబడాలి. ఈమె గీత దాటి లోపలికి ఉరికి, అవతలి టీము పిల్ల కాళ్ళ దగ్గర నుంచి బంతి లాగేసి, మన పిల్లకు పాస్ కూడా ఇచ్చి వచ్చింది.

"చానా శుభ్రంగా తీశానే! ఫౌల్ కూడా గాదు. కావాలంటే వీడియో చూడమని రిఫరీకి చెప్పా. ఆయన వినలా, ఎర్రకార్డు చూపిచ్చాడు."

నవ్వొద్దంటే ఎట్లా? ఫోన్ పట్టుకుని మంచం మీద దొర్లాను. దొర్లటం అయ్యాక అసలు మాట చెప్పింది. అంతకుముందు కూడా ఇట్లాగే కాలు లోపల పెట్టి పసుపు కార్డు తిన్నదట. ఇంకొక్కసారి గీత దాటితే ఇంటికి పంపించేస్తామని పెద్ద టీము కోచ్ చెప్పేశాడట. ఈ ఉద్యోగం పోతే ఇంక ఆటతో ఆమెకున్న చుట్టరికం తెగిపోయినట్టే. వేరే పనేదీ ఆమెకు రాదు, అక్కర్లేదు కూడా.

"నా కాళ్ళు నా మాట ఇనట్లేదే" అంది చివర్న. అప్పుడు నేను నవ్వలేదు.

మే నెల సెలవులకు ఆమె ఊరికొస్తే నేనూ పోయాను. బాబాయి అరుగు మీద కూర్చుని సంగతంతా విని, కండువాతో మొహం తుడుచుకుని అన్నాడు:

"ఇన్నేళ్ళ బట్టి గిత్తల్ని తోల్తన్నా. ఒక్కనాడన్నా కాడి కింద నా మెడ పెట్టానా అమ్మా?"

"పెడితే గెలిచేవాళ్ళమేమో బాబాయ్" అంది ఈమె.

బాబాయి కాసేపు ఆలోచించాడు. అదే ఆయనతో వచ్చిన చిక్కు, దేన్నైనా నిజంగా ఆలోచిస్తాడు. "గెలవం. బండకి నేనూ ఒక బరువైతా" అన్నాడు చివరికి.

మర్నాడు ఆమెకు ఒక ఉపాయం తట్టింది. మా ఊరి ఆడపిల్లలకూ మాచర్ల ఆడపిల్లలకూ మ్యాచి పెట్టాలి. మా పిల్లలకు తను కోచ్. ఆట జరిగినంతసేపూ గీత ఇవతలే ఉండి చూపించాలి. రిఫరీ ఎవరు? ఇంకెవరు, నేనే.

"నిన్నే ఎందుకంటే నువ్వు మొహమాటపడవు. పదో తరగతి పిల్లల్ని ఏడిపించిన దానివి" అంది. "గీత దాటితే పంపించెయ్. నేనని చూడమాక."

కార్డులు కావాలి కదా. పసుపు కార్డుకు ఒక అట్టముక్కకు పసుపు రాశాను. ఎర్రకార్డుకు ఇంట్లో వెతికితే మా ఆడపడుచు కొడుకు శుభలేఖ దొరికింది, మంచి ఎరుపు. వినాయకుడి బొమ్మ నా వైపు ఉండేట్టు మడిచి జాకెట్లో దోపుకున్నాను. చీర కట్టుకునే పోయాను, కాకపోతే కింద బూట్లు.

మ్యాచి రోజు మధ్యాహ్నం ఎండకు గ్రౌండు పొగలు కక్కుతోంది. అయినా ఊరంతా వచ్చింది. ఆట మొదలుకాబోతుండగా ఆమె బాబాయి దగ్గరికి పోయి ఏదో గుసగుసలాడింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె గడ్డం పట్టుకుంది. కాసేపటికి చూస్తే, చిన్న దూడలకు లాగుడు అలవాటు చేసే బండ ఒకటి గీత పక్కకు వచ్చింది. నలుగురు మోసుకొచ్చి దించారు. దానికో మోకు, మోకు రెండో కొస ఈమె నడుముకు.

"ఏందిది?" అన్నాను.

"నా కాళ్ళ మీద నాకు నమ్మకం లేదు. బండ మీదుంది" అంది. బాబాయి ముడి లాగి చూసి, "గిత్త కూడా ఊడదీసుకోలేదు" అని హామీ ఇచ్చాడు.

మొదటి సగం బంగారంలా గడిచింది. ఆమె ఉన్నచోటే ఎగిరింది, దూకింది, మోకు చివరిదాకా పోయి ఠక్కున వెనక్కి పడింది, మళ్ళీ లేచింది. గొంతు చించుకుని అరిచింది. గీత మాత్రం దాటలేదు. మాచర్ల పిల్లలు ఒక గోలు కొట్టినా ఓర్చుకుంది. నేను మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

రెండో సగంలో మాచర్ల పిల్ల ఒకతి మళ్ళీ బంతి తీసుకుని బయల్దేరింది. పొడుగ్గా ఉంది, ఒకటే పరుగు. మా పిల్లలు ఎండకు సొమ్మసిల్లినట్టు చూస్తూ నిలబడ్డారు. "దాపటకే! దాపట అడ్డం పడవే!" అని ఈమె కేక. ఎవరూ కదల్లేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఆమె ముందుకు వంగింది, రెండు చేతులూ నేలకు ఆనేంతగా వంగింది. మోకు బిగుసుకుంది. బండ కదిలింది.

ముందు చూసింది బాబాయే. "లాగింది!" అన్నాడు. అంతే. మా ఊరి జనానికి ఫుట్‌బాల్ అంటే ఇష్టమే గానీ బండ కదిలితే ఇంకేదీ కనపడదు. "లాగింది రోయ్!" అంటూ జనమంతా గీత దాటిన ఆమె వెంటబడ్డారు. కండువాలు గాల్లోకి లేచాయి. ఆమెను కట్టేసిన బాబాయే పక్కన పరిగెత్తుతూ, "హై! హై! ఆగమాక! ఛల్!" అని తోలుతున్నాడు. నేను విజిల్ ఊదుతున్నాను. ఎవడు వింటాడు? మాచర్ల పిల్ల బంతి వదిలేసి నోరు తెరుచుకుని చూస్తోంది. మా గోలీ పిల్ల ఈలలు వేస్తోంది. మాచర్ల వాళ్ళ కోచ్ నా దగ్గరికొచ్చి, "మేడమ్, ఇది ఏ రూలు మేడమ్?" అని ఏడుపు గొంతుతో అడిగాడు. ఈలోపు ఎవరో టేపు కూడా తెచ్చారు. గీత లోపల బండ ఎంత దూరం వచ్చిందో కొలిచి, పాలపళ్ళు ఊడని లేత గిత్తల కన్నా నయమేనని తేల్చారు. ఎక్కడ నుంచి కొలవాలన్న దాని మీద మాత్రం గొడవైంది.

నేను అందరినీ తోసుకుంటూ పోయి జాకెట్లోంచి శుభలేఖ తీశాను. నవ్వు ఆగటం లేదు. ఎత్తి చూపించాను.

ఆమె నేల మీద కూర్చుని రొప్పుతోంది. మొహమంతా దుమ్ము. కార్డు వైపు చూసింది, నా వైపు చూసింది.

"నాకే?"

"నీకే. నువ్వే చెప్పావుగా."

"భోజనాలెప్పుడో చూసి చెప్పు, పోయొద్దాం" అంది. ఊరంతా విరగబడి నవ్వింది. ఆమె కూడా నవ్వింది గానీ, బాబాయి మోకు విప్పుతుంటే పెదవి కొరుక్కోవటం నేను చూశాను.

కార్డు చూపిస్తే గ్రౌండు పక్కన కూడా ఉండకూడదు. గోడ అవతల వరిగడ్డి వేసిన ట్రాక్టరు ట్రక్కు ఆగి ఉంది. పోయి ఆ గడ్డి మీద ఎక్కి కూర్చుంది. అక్కడ నుంచి గ్రౌండు కనపడుతుంది, మాట మాత్రం వినపడదు. ఆట మళ్ళీ మొదలుపెట్టాను. మధ్య మధ్యలో అటు చూస్తే, మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని కదలకుండా కూర్చుని ఉంది.

ఇక్కడ కోచ్ లేదు, కేకలు లేవు. మా పిల్లలు కాసేపు దిక్కులు చూశారు. తర్వాత వాళ్ళలో వాళ్ళే అరుచుకోవటం మొదలుపెట్టారు. ఆట అయిపోతుందనగా మిరప కోతలకు పోయే పిల్ల ఒకతి, అంతవరకూ బంతి ముట్టుకోవటానికే భయపడ్డ పిల్ల, ఎడమకాలితో దూరం నుంచి ఒక్క దెబ్బ కొట్టింది. బంతి పోస్టు లోపలి అంచుకు తగిలి గోల్లోకి పోయింది. సమానం. నేను రిఫరీనన్న మాట మర్చిపోయి ఎగిరాను.

ఆట ముగిశాక ట్రక్కు దగ్గరికి పోయాను. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏడ్చావా?"

"ఎండే, ఎండకి." జుట్టులోంచి గడ్డిపోచ లాగి పారేసింది. "నేను లేకపోయినా కొట్టిందే ఆ పిల్ల."

"కొట్టింది."

"నేనున్నట్టయితే కొట్టొద్దని అరిచేదాన్ని. ఇంకో పాసిమ్మనేదాన్ని. నేను చెప్పేదానికన్నా బాగా కొట్టింది ముండ." ముక్కు చీదింది. "మంట పుట్టిందే నాకు. కడుపులో మండిపోయింది. ఆ తర్వాత చూస్తే, ఏందో, నేను గోలు కొట్టినప్పుడు కూడా అంత సంతోషం రాలా."

గడ్డి మీద నుంచి కిందికి దూకి, పిల్లల దగ్గరికి నడిచింది. ఒక్కొక్కరినీ పట్టుకుని, నువ్విక్కడుండి అటు చూడలేదు, నువ్వక్కడ ఆగకుండా పోయుంటే బాగుండేది అని చెబుతూనే ఉంది. గోలు కొట్టిన పిల్ల జడ లాగి, తన బూట్లు విప్పి ఇచ్చేసింది. పిల్ల కాళ్ళకు అవి పెద్దవి. వేసుకునే ఇంటికి పోయింది.

మళ్ళీ చలికాలంలో జూనియర్ టీము పక్క దేశం పోయి ఆడింది. చివరి మ్యాచి మధ్యాహ్నం పూట. బాబాయి టీవీని వసారాలోకి తెచ్చి పెట్టాడు. ఊళ్ళోవాళ్ళంతా అక్కడే. నేను స్కూలుకు సెలవు పెట్టి పొద్దున్నే బస్సెక్కి పోయాను. పిన్ని ఉలవలు ఉడకబెట్టి అందరికీ పంచింది, ఆ రోజు గిత్తలకే చివర్న దక్కాయి.

ఆట ఏం చూశామో ఎవరికీ గుర్తులేదు. మేమంతా చూసింది గీతను, గీత పక్కన నిలబడ్డ ఆ పొట్టి మనిషిని. కెమెరా ఆమె మీదికి రాగానే వసారా అంతా, "దాటమాక! దాటమాకే!" అని అరుపులు. బంతి ఆ పక్కకు దొర్లితే బాబాయి కండువా మొహం మీద వేసుకుని, "దాటిందా? చెప్పండ్రా, దాటిందా?" అని అడిగేవాడు.

దాటలేదు. దేశంలో ఏ మూల నుంచో వచ్చిన ఆ పిల్లలకు, తెలుగు ఒక్క ముక్క రాని ఆ పిల్లలకు, దాపట, ఎలపట మాత్రం నేర్పేసింది. గీత ఇవతల నుంచి ఆమె "ఎలపట!" అని అరిస్తే పిల్లలు అటు తిరగటం మాకు కనపడింది. మాకు ఒళ్ళు తెలియలేదు. పిన్నయితే పక్కనున్న ఆవిడ భుజం గిచ్చేసింది.

ఆట చివర్లో మన పిల్ల గోలు కొట్టింది. బెంచీ మీదున్న పిల్లలు, డాక్టరు, నీళ్ళ సీసాలు మోసే ఆవిడ, అందరూ ఆగలేక లోపలికి ఉరికారు. ఆమె ఒక్కతే ఆగింది. రెండు చేతులూ వెనక కట్టుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని గీత ఇవతలే నిలబడింది. మొహం మాత్రం చూడాలి, అన్ని పళ్ళూ కనపడుతున్నాయి.

కాసేపటికి రిఫరీ ఆఖరి విజిల్ ఊదాడు. గెలిచాం. నేను ఏడ్చాను, సంతోషంతో ఏడ్చాను, దాచుకునేదేముంది. గ్రౌండు మధ్యలో పిల్లలంతా ఒకరి మీద ఒకరు పడి దొర్లుతున్నారు. ఆమె మాత్రం ఇంకా కదల్లేదు. ఆట అయిపోయిందని, ఇంక లోపలికి పోవచ్చని ఆమెకు తట్టనే లేదు.

"అయిపోయిందమ్మా! ఇంక దాటు!" అన్నాడు బాబాయి టీవీ ముందుకు పోయి.

"దాటవే!" అన్నాను నేను.

అప్పటిదాకా దాటమాకని గొంతు పోయేట్టు అరిచిన వసారా అంతా ఒక్కసారిగా, "దాటు! దాటవే తల్లీ! దాటు!" అని మొదలుపెట్టింది. బండలాగుడు పోటీలో కూడా అంత అరుపు నేను వినలేదు. పక్క దేశంలో ఉన్న మనిషికి అది వినపడుతుందా లేదా అన్న ఆలోచన ఎవరికీ లేదు.

ఆమె తల వంచి గీత వైపు చూసింది. బూటు అడుగు గడ్డికి రాసి తుడుచుకుంది. మెల్లిగా కుడికాలు ఎత్తి లోపల పెట్టింది. పిల్లలు పరిగెత్తుకొచ్చి మీద పడ్డారు, ఇంక మనిషి కనపడలేదు.

"కుడికాలే పెట్టింది, చూశారా?" అంది పిన్ని. "ఎవరు చెప్పారు దానికి?"

ఎవరూ చెప్పలేదు. చెప్పాలని కూడా మాకెవరికీ తోచలేదు. పిన్ని కళ్ళు తుడుచుకుంటూ లేచి లోపలికి పోయింది. పళ్ళెంలో నీళ్ళు పోసి, పసుపూ సున్నమూ కలిపి, ఎర్రనీళ్ళు చేసి పట్టుకొచ్చింది. కొత్త కోడలు గుమ్మంలో అడుగు పెట్టినప్పుడు తిప్పినట్టే టీవీ ముందు నిలబడి దిష్టి తీయటం మొదలుపెట్టింది. కప్పు ఇస్తున్నారని ఎవరో అన్నారు గానీ, అడ్డంగా ఉన్నావు తప్పుకోమని పిన్నితో ఎవరూ అనలేదు.